ముందు బంతి ఇచ్చేయండి

మొదట ఒకటి సరిచేయాలి. నేను ఆడింది రగ్బీ కాదు.

సింగపూర్‌లో, పుంగ్గోల్‌లోని మా ఇంటి హాల్లో ఒక జ్ఞాపిక ఉంది. ఇక్కడి ఒక తెలుగు సంఘం వాళ్ళు శాలువా కప్పి మరీ ఇచ్చారు. దాని మీద బంగారు రంగు అక్షరాలతో "రగ్బీ రత్న" అని ఉంటుంది. వేదిక మీదే చెప్పాను, ఇది రగ్బీ కాదండీ అని. కార్యదర్శి గారు మైకును చేత్తో మూసి, "ఏదైతే ఏంటమ్మా, బంతి కోడిగుడ్డులా ఉంటుందా, ఉండదా?" అన్నారు. ఉంటుంది. దానికి జవాబు అప్పుడు తోచలేదు. ఇప్పుడు తోచింది గానీ ఆయన నా ఫోను ఎత్తడం లేదు.

నేను ఆడింది ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్. మెల్‌బోర్న్‌లో ఒక మహిళల క్లబ్బుకు ఐదు సీజన్లు ఆడాను, జీతం తీసుకుని ఆడాను. మోకాలు ఇక చాలంది కాబట్టి ముప్పై మూడో ఏట మానేశాను. ముప్పై మూడేళ్ళకు రిటైర్మెంట్ ఏమిటని మా బంధువులు ఇప్పటికీ నవ్వుతారు. వాళ్ళ మోకాళ్ళు వాళ్ళకున్నాయి, నవ్వనీ.

ఆదివారాలు పొద్దున్నే ఆట నేర్చుకోవడానికి కొందరు అమ్మాయిలు నా దగ్గరికి వస్తారు. అక్క అనమని ఎన్నిసార్లు చెప్పినా "ఆంటీ" అనే అంటారు. వాళ్ళలో ఇద్దరు ముగ్గురు నిజంగానే ఈ వృత్తిలోకి వెళ్ళాలనుకుంటున్నారు. వాళ్ళు అడిగే ప్రశ్నలు మాత్రం టీవీలో ఎలా కనిపిస్తామన్న దాని గురించే. ఆ ఉద్యోగం నిజంగా ఎలా ఉంటుందో ఎవరూ అడగరు. అడగకపోయినా రాస్తున్నాను. తెలుగు చదవడం రాని పిల్లలకు వాళ్ళ అమ్మలు చదివి వినిపించాలని మనవి.

ఆట గురించి తెలియనివాళ్ళకు నాలుగు ముక్కలు. మైదానం కూడా బంతిలాగే కోలగా ఉంటుంది. ఒక్కో చివర నాలుగు స్తంభాలుంటాయి. మధ్యనున్న రెండింటి నడుమకు తన్నితే ఆరు పాయింట్లు, పక్క సందుల్లోకి పోతే ఒకటి. బంతిని విసరకూడదు. తన్నాలి, లేదా ఒక అరచేతిలో పెట్టుకుని రెండో పిడికిలితో కొట్టాలి. బంతి ఉన్న మనిషిని పట్టుకుని పడేయవచ్చు, అయితే భుజాల నుంచి మోకాళ్ళ దాకా మాత్రమే. చెయ్యి మెడ మీద పడితే అంపైర్ విజిల్ వేస్తాడు. అప్పుడు బంతి నీ చేతిలో ఉంటే దాన్ని ఎదుటి మనిషికి ఇచ్చేయాలి. ఇవ్వకుండా పట్టుకుని నిలబడితే, ఆ మనిషిని యాభై మీటర్లు ముందుకు, అంటే నీ గోల్ వైపు నడిపించుకుపోతారు. ఈ ఆటలో ఇంతకంటే అవమానకరమైన శిక్ష లేదు. అందరూ చూస్తుండగా అంత దూరమూ నడిచే వెళతారు.

ఒక మనిషి తక్కువై

నాకు పదకొండేళ్ళప్పుడు తెనాలి నుంచి ఇక్కడికి వచ్చాం. నాన్నకు ఓడల మరమ్మతు యార్డులో పని. బుకిట్ బటోక్‌లో పదకొండో అంతస్తులో ఇల్లు. చదువయ్యాక సైన్స్ పార్క్‌లో ఒక ల్యాబులో చేరాను. పొద్దుటినుంచి సాయంత్రం దాకా చిన్న చిన్న గొట్టాల్లోకి చుక్కలు చుక్కలుగా ద్రవాలు పోయడమే పని.

పక్క టేబుల్ దగ్గర కెల్లీ అని ఒక ఆస్ట్రేలియా ఆవిడ పని చేసేది. ఒక శుక్రవారం వచ్చి, రేపటి మ్యాచ్‌కు మాకో మనిషి తక్కువైంది, నీకు పరుగెత్తడం వచ్చా అని అడిగింది.

"బస్సు వెళ్ళిపోతుంటే పరుగెత్తుతాను," అన్నాను.

"చాలు," అంది.

మర్నాడు నన్ను తీసుకెళ్ళి మా గోల్ పక్కన ఒక మూల నిలబెట్టింది. ఆ చోటును బ్యాక్ పాకెట్ అంటారు. ఇక్కడికి బంతి రాదులే, ఊరికే నిలబడు అంది. ఆ మాట నేను మరిచిపోలేదు. బంతి పదకొండుసార్లు వచ్చింది. ఏడుసార్లు పట్టుకున్నాను. మ్యాచ్ అయ్యాక కెల్లీ దగ్గరికి వెళ్ళి ఆ లెక్క చెప్పాను. వచ్చేవారం కూడా రమ్మంది. తర్వాత పదేళ్ళు నేను ఆ మూలలోనే ఉన్నాను.

గాలిలో వచ్చే బంతిని పట్టుకోవడం నేర్పింది నాన్న. ఇంటి కింద బంతాటలు నిషేధం కాబట్టి ఎదురుగా ఉన్న గడ్డి మైదానానికి వెళ్ళేవాళ్ళం. ఆయనకు తెలిసింది క్రికెట్ ఒక్కటే.

"అట్టా కాదమ్మాయ్! కొబ్బరికాయ పడుతుంటే పారిపోయే దానిలా ఎందుకు ముఖం తిప్పుకుంటావ్? బంతిని చూడు, బంతిని!"

"చూస్తున్నా నాన్నా!"

"చూస్తే ముక్కుకెందుకు తగిలింది?"

అమ్మ పై నుంచి, పదకొండో అంతస్తు కిటికీలోంచి కేకేసేది. "ఆ మోకాళ్ళు ఎవరివే? నీవా, వాళ్ళవా?" ఆవిడ ప్రశ్నకు జవాబు ఇప్పుడు నా ఎక్స్‌రేలో ఉంది.

ఆసియా జట్ల టోర్నమెంటు ఒకటి ఇక్కడ జరిగినప్పుడు మెల్‌బోర్న్ క్లబ్బు వాళ్ళు చూడడానికి వచ్చారు. వాళ్ళు వచ్చింది ఇంకో అమ్మాయిని చూడడానికి. ఆ రోజంతా ఆ అమ్మాయి వెంటపడి ఆమెను ఆడనివ్వకుండా చేసింది నేను. చివరికి నన్ను పిలిచారు. ఈ వృత్తిలో ప్రవేశానికి ఇదొక దారి. గొప్ప దారి కాదు గానీ పనిచేస్తుంది.

ఉద్యోగం అంటే

టీవీలో కనిపించేది ఆదివారం పూట ఒక గంటా ఇరవై నిమిషాలు. మిగతా వారమంతా ఉద్యోగం. దెబ్బ తగిలిన చోట ఐసు పెట్టుకోవడం, ఎదుటి జట్టు పాత మ్యాచ్‌లు చూసి ఎవరు ఏ కాలితో తంతారో రాసుకోవడం, చన్నీళ్ళ తొట్టిలో కూర్చుని పళ్ళు కొరుక్కోవడం. మెల్‌బోర్న్ చలికి ఆ నీళ్ళే వెచ్చగా ఉన్నాయని మొదటి వారం అన్నాను. తోటివాళ్ళు నవ్వారు. నేను హాస్యమాడలేదు, ఫిర్యాదు చేశాను.

సీజను కొన్ని నెలలే. మిగతా నెలలు మరో పని ఉండాల్సిందే. ఇక్కడ మా ల్యాబుకు పెద్ద అయిన డాక్టర్ తాన్ నాకు ప్రతి ఏడూ సెలవిచ్చి, తిరిగి వస్తే నా టేబుల్ నాకే ఉంచేవాడు. మొదటిసారి వెళ్ళేటప్పుడు పిలిచి చెప్పాడు. "కాళ్ళు నీ ఇష్టం. చేతులు మాత్రం భద్రంగా తీసుకురా, అవి నావి." ఐదేళ్ళలో ఒక్క మ్యాచ్ చూడలేదు. నేను ఎక్కడ ఆడతానో కూడా తెలియదు. నా జీవితంలో అంతకంటే మంచి బాసును చూడలేదు. కాబట్టి ఈ వృత్తిలోకి వెళ్ళే అమ్మాయిలకు నా మొదటి సలహా: మంచి కోచ్ కంటే ముందు మంచి రెండో ఉద్యోగం వెతుక్కోండి.

రెండో సలహా: పడడం నేర్చుకోండి. తన్నడం అందరూ నేర్పుతారు, పడడం ఎవరూ నేర్పరు. చెయ్యి చాపి పడితే మణికట్టు పోతుంది. భుజం మీద దొర్లాలి.

ఇక వెనక మూలలో ఆడేవాళ్ళకు పేరు రాదు. ఎదుటి మనిషి గోల్ కొట్టకుండా చేయడమే మా పని. జరగని గోల్‌ను ఎవరు ఫోటో తీస్తారు? నా మొదటి మ్యాచ్ రోజు ప్రేక్షకులకు అమ్మిన ఆటగాళ్ళ వివరాల పుస్తకంలో నా పేరు మీద మరో అమ్మాయి ఫోటో వేశారు. రెండో మ్యాచ్‌కు సరిచేయమన్నాను. సరిచేశారు. నా ఫోటో వేసి ఆ అమ్మాయి పేరు పెట్టారు.

మెరిల్

మా కోచ్ పేరు మెరిల్. యాభై దాటిన మనిషి, పొడుగ్గా, ఎండిన చెరకు గడలా ఉండేది. తక్కువ మాట్లాడేది. ఆమె నన్ను మొదటి రోజు "పాజ్" అని పిలిచింది. నా పేరు పద్మజ. సగానికి కోసిన పేరుకు నేను పలకనని చెప్పాను. ఆమె పట్టించుకోలేదు. నేనూ పలకలేదు. మూడో వారం ట్రైనింగులో "పాజ్, వెనక!" అని అరిచింది. నేను తిరగలేదు. బంతి వచ్చి తలకు తగిలింది. నేలమీద కూర్చుని ఉంటే మెరిల్ వచ్చి నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని, చిన్నపిల్లలా ఒక్కో అక్షరం విడదీసి, "పద్‌-మ-జ" అంది. ఆ రోజు నుంచి ఎప్పుడూ తప్పు పలకలేదు. మొండితనం వల్ల నష్టమే అనేవాళ్ళకు ఈ ఉదాహరణ చెబుతాను. తలనొప్పి రెండు రోజులే ఉంది.

ఇప్పుడు నా మొండితనం వల్ల జరిగిన నష్టం కూడా చెప్పాలి.

మూడు సెకన్లు

మూడో సీజను చివరి మ్యాచ్. గెలిస్తే ఫైనల్స్‌కు వెళతాం. ఇంకా రెండు నిమిషాలుంది, మేము నాలుగు పాయింట్లు ముందున్నాం. ఎదుటి జట్టు అమ్మాయి బంతి పట్టుకుని మైదానం మధ్యనుంచి వస్తోంది. నా మూల వదిలి ఎదురెళ్ళాను, పట్టుకున్నాను, పడేశాను. బంతి జారి నా చేతిలోకి వచ్చింది. విజిల్ పడింది. మెడ మీద చెయ్యి వేశానన్నాడు అంపైర్.

వేయలేదు. నా చెయ్యి ఆమె భుజం మీద ఉంది. నా చెయ్యి ఎక్కడుందో నాకు తెలియదా?

"ఎక్కడ? చూపించండి," అన్నాను.

"బంతి ఇచ్చేయ్," అన్నాడు.

"ముందు ఎక్కడో చెప్పండి."

ఇదంతా మూడు సెకన్లు. మళ్ళీ విజిల్. యాభై మీటర్లు. ఆ అమ్మాయి బంతి తీసుకుని, అంపైర్ పక్కన నడుచుకుంటూ, సరిగ్గా మా స్తంభాల ముందుకు వెళ్ళింది. అక్కడి నుంచి మా అమ్మ కూడా గోల్ కొడుతుంది. ఆరు పాయింట్లు. రెండు పాయింట్లతో ఓడిపోయాం. సీజను అయిపోయింది.

సాయంత్రానికి మ్యాచ్ వీడియో వచ్చింది. నేను చెప్పిందే నిజం, చెయ్యి భుజం మీదే ఉంది. ఆ ముక్క ఆపి, పెద్దది చేసి, ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి చూపించాను. ఆ వారమంతా చూపించాను. చివరికి మెరిల్ నా ఫోను తీసుకుని, తెర కిందికి తిప్పి బల్ల మీద పెట్టింది.

"పద్మజా, నువ్వు చెప్పింది నిజమే. ఇంకెవరికీ చూపించకు."

తర్వాత అసలు సంగతి చెప్పింది. నా ఒప్పందం ఆ సీజనుతో ముగిసింది. వచ్చే ఏడాదికి వెనక వరుసలో ఒక్క చోటే ఉంది, ఇద్దరు అమ్మాయిలున్నారు. నేనొకదాన్ని, రెండో అమ్మాయికి పంతొమ్మిదేళ్ళు, నాకంటే వేగం, నోరు తక్కువ.

"సింగపూర్ వెళ్ళి పది మ్యాచ్‌లకు అంపైర్‌గా చెయ్యి," అంది మెరిల్. "ఆ పదింటిలో నీ మీద అందరికంటే ఎక్కువ కోపం వచ్చిన కెప్టెన్ చేత నాకొక ఉత్తరం రాయించు. జూన్ చివరి శుక్రవారం లోపల నాకు రావాలి. రాకపోతే ఆ రెండో అమ్మాయి."

"నేను ప్లేయర్ని, అంపైర్‌ని కాదు. తప్పు చేసింది ఆయన. శిక్ష నాకా?"

ఇరవై నిమిషాలు వాదించాను. మెరిల్ అంతసేపూ నా వాదన మీద చిన్న ఆసక్తి కూడా లేకుండా టీ తాగింది.

విజిల్ నా చేతిలో

ఇక్కడ శనివారాలు మహిళల జట్లు నాలుగైదు ఆడతాయి. అంపైర్ దొరకడమే వాళ్ళకు గగనం కాబట్టి నేను వెళ్ళగానే చేతిలో విజిల్ పెట్టేశారు, ఎవరూ ఏమీ అడగలేదు.

మొదటి మ్యాచ్‌లో నాకు తెలిసింది ఏమిటంటే, అంపైర్‌కు ఆట కనిపించదు. వీపులు కనిపిస్తాయి. బురదలో మోచేతులు, జుట్లు, ఒకరి కింద ఒకరు కనిపిస్తారు. టీవీ చూసేవాళ్ళకు నాలుగు పక్కలా కెమెరాలుంటాయి, అంపైర్‌కు రెండు కళ్ళు, వాటిలోకి కారే చెమట. అర సెకనులో చెప్పాలి. ఆ అర సెకనులోనే పక్కనుంచి ఒకరు "అయ్యో అంపైర్, సరిగ్గా చూడు లా!" అని ఇక్కడి యాసలో అరుస్తారు.

అరిచేవాళ్ళలో మా నాన్న ముందుండేవాడు. ప్రతి శనివారం మంచినీళ్ళ సీసా, గొడుగు, మడత కుర్చీ పట్టుకుని వచ్చేవాడు. కూతురు ఆడడం లేదు కాబట్టి ఆయనకు ఏ జట్టూ లేదు. అందుకని రెండు జట్ల తరఫునా నా మీద అరిచేవాడు.

"ఏందమ్మా అది! ఎల్బీడబ్ల్యూ ఇచ్చినట్టు ఇచ్చేస్తున్నావ్! అవుటిచ్చే ముందు ఆలోచించొద్దా?"

"ఇందులో అవుట్ ఉండదు నాన్నా!"

"లేకపోతే మరి ఆ పిల్ల ఎందుకంత బాధపడుతోంది?"

రైల్లో ఇంటికి వెళ్ళేటప్పుడు మేమిద్దరం మాట్లాడుకునేవాళ్ళం కాదు. అమ్మ అన్నం పెట్టాక రాజీ.

పదో మ్యాచ్ యూనివర్సిటీ విద్యార్థినుల జట్టుది. వాళ్ళ కెప్టెన్ హరిణి. వరంగల్ అమ్మాయి, ఇక్కడ పీహెచ్‌డీ చేస్తోంది. ఐదడుగులు కూడా ఉండదు. నాలాగే వెనక మూలలో ఆడుతుంది. గెలిచిన జట్టుకు ఫైనల్. చివరి నిమిషాల్లో హరిణి జట్టు మూడు పాయింట్లు ముందుంది. ఎదుటి అమ్మాయి బంతితో పరుగెత్తుకొచ్చింది, హరిణి ఎగిరి పట్టుకుని పడేసింది. నాకు వెనకనుంచి చెయ్యి పైకి లేవడం కనిపించింది. మెడ అనుకున్నాను. విజిల్ వేశాను.

వాళ్ళిద్దరూ లేచి ఇటు తిరిగేసరికి చూశాను. ఎదుటి అమ్మాయి జెర్సీ భుజం దగ్గర సాగి ఉంది, మెడ దగ్గర కాదు. నా తప్పని అప్పుడే తెలిసిపోయింది. హరిణి బంతిని రెండు చేతులతో పొట్టకు అదుముకుని నిలబడింది.

"ఏడ పట్టిన అక్కా? చూపియ్యి."

"బంతి ఇచ్చెయ్యి, హరిణీ."

"ముందు ఏడనో చెప్పు, ఇస్త."

నా నోట్లో విజిల్ ఉంది. ఒక్క క్షణం ఊదలేకపోయాను. పక్కన నాన్న కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఊదాను. యాభై మీటర్లు. ఎదుటి అమ్మాయితో కలిసి నేనే నడిచాను. గోల్. హరిణి జట్టు మూడు పాయింట్లతో ఓడింది.

మొదటి విజిల్, రెండో విజిల్

ఆట ముగిసినట్టు సైరన్ మోగాక నేరుగా హరిణి దగ్గరికి వెళ్ళాను. ఆ అమ్మాయి కూర్చుని బూట్ల దారాలు విప్పుకుంటోంది.

"మొదటి విజిల్ తప్పు. నువ్వు పట్టింది భుజమే. తప్పు నాది," అన్నాను. "రెండోది తప్పు కాదు. బంతి ఇవ్వలేదు నువ్వు."

తలెత్తి చూసింది. "మొదటిదే తప్పయితే రెండోది కరెక్టెట్లయితది?"

మెరిల్‌తో నేను వాదించిన ఇరవై నిమిషాల్లో కనీసం పది నిమిషాలు ఇదే వాదన. దీనికి జవాబు లేదనుకునేదాన్ని. ఉంది. అంపైర్ తప్పు చేస్తే ఆట చెడిపోదు, ఎందుకంటే అందరూ తప్పులు చేస్తారు. విజిల్ పడ్డాక బంతి ఇవ్వకపోతే మాత్రం ఇక ఆటే ఉండదు, ఇద్దరు మనుషులు ఎండలో నిలబడి పోట్లాడుకోవడమే ఉంటుంది. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు పది మ్యాచ్‌లు పట్టాయి. ఆ అమ్మాయికి నాలుగు సెకన్లలో ఎలా చెప్పను? "అలాగే అవుతుంది," అన్నాను. బూటు విసిరి అవతల పారేసింది. నా మీద కాదు లెండి, పక్కకు.

ఇక ఉత్తరం. పది మ్యాచ్‌లలో అందరికంటే కోపం వచ్చిన కెప్టెన్ ఎవరన్న దాంట్లో సందేహం లేదు. కెల్లీ ఒక మార్గం చెప్పింది: నాలుగో మ్యాచ్ కెప్టెన్ కూడా కొంచెం విసుక్కుంది కదా, మర్యాదస్తురాలు, ఆవిడ చేత రాయించు, మెరిల్‌కేం తెలుస్తుంది? ఒక పూటంతా ఆలోచించాను. అబద్ధం ఆడలేనని కాదు. మెరిల్ కనిపెడుతుంది. అదీగాక, ఆ మెల్‌బోర్న్ అంపైర్ ఇలాగే తన మీద కోపం లేనివాళ్ళను వెతుక్కుని, నేనంటూ ఒకదాన్ని ఉన్నానని మరిచిపోయి ఉంటాడు. నేను ఆ పని చెయ్యదలచుకోలేదు.

హరిణికి మెసేజి పెట్టాను. చూసి కూడా రెండు రోజులు జవాబివ్వలేదు. మూడోరోజు, "గురువారం పన్నెండున్నరకు" అని ఒక హాకర్ సెంటర్, అంటే తిండి అంగళ్ళన్నీ ఒకచోట ఉండే హాలు, పేరు పంపింది. మెరిల్ పెట్టిన గడువు శుక్రవారం.

నేను ముందే వెళ్ళి, ఇక్కడి అలవాటు ప్రకారం టిష్యూ ప్యాకెట్ పెట్టి టేబుల్ పట్టుకున్నాను. హరిణి నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. కావాలనే వచ్చిందని తర్వాత ఒప్పుకుంది. నేను సంగతంతా చెప్పాను: నా మూడు సెకన్లు, ఒక్క చోటు, ఇద్దరు అమ్మాయిలు, ఉత్తరం.

"అంటే నీ నౌకరీ నా చేతుల ఉన్నదా?"

"ఉంది."

"మంచిగున్నది," అని కుర్చీ దగ్గరికి లాక్కుంది. "ముందు ఇది చూడు." ఫోను తీసింది. వాళ్ళ జట్టు అమ్మాయి ఎవరో తీసిన వీడియో. భుజం దగ్గర ఆపింది.

"చూశాను. భుజమే."

"మళ్ళ చూడు."

"చూశాను హరిణీ, ఆ రోజే చెప్పాను కదా."

"పెద్దగ చేస్త, ఆగు. ఇగో, గిక్కడ."

ఏడుసార్లు చూపించింది. నా నూడుల్స్ చల్లారిపోయాయి. మెల్‌బోర్న్‌లో ఆ వారమంతా పాతిక మంది ఆడవాళ్ళు నా ఫోనులో ఏమి చూశారో, ఎంత ఓపికగా చూశారో నాకు ఆ టేబుల్ దగ్గర అర్థమైంది. వాళ్ళలో ఒక్కరు కూడా ఇంక చాలు అనలేదు. ఎనిమిదోసారి కూడా చూపించమని హరిణికి నేనే చెప్పాను. అప్పుడు ఆ అమ్మాయి మొదటిసారి నవ్వింది.

"రాస్త. కానీ నాకు నచ్చిందే రాస్త. నువ్వు ఒక్క అక్షరం మార్చొద్దు."

అక్కడే ల్యాప్‌టాప్ తీసి ఇంగ్లీషులో రాసింది. దాని సారాంశం ఇది:

"ఈమె చాలా చెడ్డ అంపైర్. భుజానికీ మెడకూ తేడా తెలియదు. ఈమె వల్ల మా జట్టు ఫైనల్‌కు పోలేదు. మ్యాచ్ అయ్యాక నా దగ్గరికి వచ్చి తప్పు నాది అని చెప్పింది. నేను ఆరేళ్ళుగా రకరకాల ఆటలు ఆడుతున్నాను, ఏ అంపైరూ ఇంతవరకు నాతో ఆ మాట అనలేదు. నేను ఈమెను క్షమించలేదు. ఈమెకు ఆ చోటు ఇవ్వండి. ఇవ్వకపోతే వచ్చే ఏడు కూడా ఇక్కడే ఉండి మా మ్యాచ్‌లకు విజిల్ వేస్తుంది."

"ఆ ‘చాలా చెడ్డ’ అన్నచోట ‘చాలా’ తీసెయ్యొచ్చు కదా?" అన్నాను.

"తియ్య."

"భుజానికీ మెడకూ తేడా తెలియదంటే మరీ..."

"పంపాల్నా, వద్దా?"

పంపమన్నాను. నా ఉద్యోగం, ఆ వయసులో నాకున్న ఒకే ఒక్క అవకాశం, నన్ను క్షమించని మనిషి వేలి కింద ఉంది. నొక్కింది. వెళ్ళింది. ఆ తర్వాత నా చల్లారిన నూడుల్స్ కూడా తనే తినేసింది.

మెరిల్ శనివారం పొద్దున ఫోన్ చేసింది. నేను, నాన్న, అమ్మ డైనింగ్ టేబుల్ దగ్గర ఉన్నాం. స్పీకర్‌లో పెట్టాను. ఆ మనిషి నవ్వగా నేను అంతకుముందు వినలేదు. ఉత్తరం మొదటినుంచి చివరిదాకా పైకి చదివింది. "చాలా చెడ్డ" అన్న చోట రెండుసార్లు చదివింది. నాన్న కూడా తల ఊపాడు.

"నీ చోటు నీదే, పద్మజా," అంది మెరిల్. "ఆ పంతొమ్మిదేళ్ళ అమ్మాయికి మన జట్టులోనే మరో చోటు చూశాను. ఆమెను కూడా అంపైరింగుకు పంపుతున్నాను."

ఇంకో రెండు సీజన్లు ఆడాను. ఆ రెండింటిలో నా మీద పడిన తప్పుడు విజిళ్ళు పదిహేడు. ప్రతిసారీ బంతి ఎదుటి మనిషి చేతిలో పెట్టి వెనక్కి పరుగెత్తాను. సైరన్ మోగాక పదిహేడుసార్లూ అంపైర్ దగ్గరికి నడిచి వెళ్ళి అడిగాను. అడగడం మానమని నేను ఏ అమ్మాయికీ చెప్పను. బంతి చేతిలో పెట్టుకుని అడగొద్దంటాను, అంతే. ఆ పదిహేడింటిలో నాలుగు తప్పని ఒప్పుకున్నారు. మిగతా పదమూడూ ఇంకా పెండింగులో ఉన్నాయి.

హరిణి ఇప్పుడు సైన్స్ పార్క్‌లోనే పని చేస్తోంది. ఆదివారాలు నాతోపాటు పిల్లలకు నేర్పడానికి వస్తుంది. ఆ ఉత్తరం నా దగ్గర ఉంది, అప్పుడప్పుడు తీసి చదువుతాను. న్యాయంగానే రాసింది, ఒక్క విషయంలో తప్ప. నేను చేసినవి పది మ్యాచ్‌లు. వాటిలో తొమ్మిది బాగా చేశాను. ఆ సంగతి ఆ అమ్మాయి ఎక్కడా రాయలేదు.